ఇరవై తొమ్మిది ఫ్రేములు

మే 4, సోమవారం

సరుకు వచ్చింది. మూడు రోజుల షూటింగు, పదకొండు గంటల ఫుటేజీ, నాలుగున్నర నిమిషాల పాట.

పెళ్ళయ్యాక డైరీ రాయడం మానేసిన దాన్ని, ఈ పాట కోసం మళ్ళీ మొదలుపెట్టాను. పద్నాలుగేళ్ళ క్రితం నేను బస్సెక్కబోతుంటే మా ఆయన (అప్పటికింకా మా ఆయన కాదు) నా సంచీ పట్టుకుని, "ఇంకాస్త సేపు ఉండు" అన్నాడు. ఉన్నాను. ఆ బస్సు పోయింది, దాని తరవాతదీ పోయింది. వారం తిరక్కుండా ఆ మాటనే పల్లవి చేసి వినిపించాడు. "ఇంకాస్త సేపు ఉండు, వెలుతురుంది ఇంకా." ఇన్నేళ్ళూ ఎవరికీ ఇవ్వలేదు. ఇది అమ్ముకునే పాట కాదు అనేవాడు. ఐదేళ్ళుగా చేతిలో పాట లేని మనిషి, కంపెనీ వాళ్ళు వెతుక్కుంటూ వచ్చి అడిగితే ఇవ్వక ఏం చేస్తాడు? నన్ను అడిగే ఇచ్చాడు. ఎడిటింగు నేనే చేస్తానని ఒక్క షరతు పెట్టాను.

దర్శకుడికి మా వాళ్ళలో పంకా అని పేరు. గాలి లేని షాటు తీయడు. జైలు పాట తీసినా ఖైదీ జుట్టు ఎగరాల్సిందే. మా బస్టాపు అతని చేతిలో తెల్ల పరదాల బంగళా అయింది. ఎవరూ వాయించని పియానో ఒకటి, చరణం మారినప్పుడల్లా చీర మార్చే అమ్మాయి ఒకతె. సరే, పాట మాది, గాలి అతనిది.

మే 5, మంగళవారం

గురువుగారు నేర్పిన మొదటి పాఠం: పల్లవికి మొహం, చరణానికి కథ. చరణంలో జనాన్ని ఎక్కడికైనా తిప్పు, పల్లవికి మాత్రం పాడేవాడి మొహం దగ్గరికి తీసుకొచ్చి దించెయ్యాలి. రెండో పాఠం: సినిమాలో లెన్సులోకి చూడకూడదు, పాట వీడియోలో చూడకపోతే కుదరదు. అలా చూస్తేనే అవతల కూర్చున్న ప్రతి మనిషీ "నాకే పాడుతున్నాడు" అనుకుంటుంది. మూడోది: ఎడిటరు సెట్టుకి వెళ్ళకూడదు. వెళితే వాళ్ళ కష్టం చూసి జాలిపడతాం, తెర మీద ఉన్నది చూడం. అందుకే నేను వెళ్ళలేదు.

పల్లవి టేకులు పద్దెనిమిది చూశాను. ఒక్కదాంట్లోనూ మా ఆయన లెన్సులోకి చూడలేదు. జానెడు పక్కకి, ఎడమవైపు చూస్తున్నాడు. చరణాల్లో బుద్ధిగానే చూశాడు. పల్లవి రాగానే చూపు అటు జారుతోంది.

మానిటరు అటు పెట్టి ఉంటారు. తెర మీద తన మొహం చూసుకోవడమంటే మా ఆయనకి మహా సరదా.

మే 6, బుధవారం

భోజనాల దగ్గర అడిగాను.

"లెన్సులోకి చూడమని పంకా చెప్పలేదా?"

"చూశానుగా."

"పక్కకి చూశావు."

"లైటు కళ్ళల్లో కొడుతోంది."

"లైటు కుడివైపుంది కదా, నీ నీడ ఎడమకి పడింది."

"అబ్బ, నీ దగ్గర నీడ కూడా దాచుకోలేం" అని నవ్వాడు. నేనూ నవ్వాను. అత్తయ్యకి వినబడలేదు కానీ మమ్మల్ని చూసి ఆవిడా నవ్వింది.

మే 8, శుక్రవారం

సెట్టు ఫొటోలు పంపారు. మానిటరు కుడివైపు ఉంది.

మే 9, శనివారం

యాక్షన్ అనక ముందు, కట్ అన్న తరవాత మిగిలే ముక్కలు ఎవరూ చూడరు. నేను చూస్తాను. కూరగాయలు తరిగేవాళ్ళకి తొక్కలు కనబడ్డట్టు నాకవి కనబడతాయి. పాడేవాడి అసలు మొహం అక్కడే ఉంటుంది. ముక్కు గోక్కుంటాడు, బొత్తాం సరిచేసుకుంటాడు, ఇల్లు గుర్తొచ్చినట్టు ఒక్క క్షణం ఎటో చూస్తాడు.

ప్రతి టేకు ముందూ ఎడమవైపు నుంచి ఒక చెయ్యి వస్తుంది. చేతిలో కొలత టేపు. కంటికీ కెమెరాకీ ఎంత దూరమో కొలిచి, మొహం మసకబారకుండా చూడడం ఆ చేతి పని. ఆ పని చేసే అమ్మాయిని అందరూ టేపు అమ్మాయి అంటారు. కెమెరాకి ఎడమ పక్కనే నిలబడుతుంది, అది ఆమె చోటు. ఏ షూటింగులోనైనా అంతే.

మొదటి రోజు టేపు చివర కంటి దగ్గరికి రాగానే ఈయన కళ్ళు మూసుకునేవాడు. రెండో రోజు రెప్ప కొట్టాడు. మూడో రోజు మూయడమే లేదు.

అలవాటు పడి ఉంటాడు. మనుషులు ఇంజెక్షను సూదికే అలవాటు పడతారు.

మే 11, సోమవారం

టేపు అమ్మాయి ఇంటికి వచ్చింది. మొదటి డిస్కులో రాని నెమ్మది షాట్లు ఇంకో డిస్కులో పెట్టి పంకా ఆమెతో పంపాడు. ఆమెకి ముప్పై ఏళ్ళుంటాయేమో. గోళ్ళు మొదలంటా కత్తిరించుకుంది, చూపుడు వేలికి నల్ల టేపు ముక్క. చెప్పులు విడిచి వాటిని గోడ వారకు జరిపి లోపలికి వచ్చింది. పద్ధతైన పిల్ల. ఈ మాట రాసి కొట్టేద్దామనుకున్నాను, నిజమే కదా అని ఉంచాను.

"మీ గురించి చాలా విన్నానక్కా. మీరు కట్ చేస్తే కట్ ఉన్నట్టే తెలీదంట కదా."

"ఎవరన్నారు?"

"సారే." టీ గ్లాసులోకి చూస్తూ అంది. "సారుతో కష్టమక్కా. పాడుతూ ముందుకి వంగిపోతారు. ఫోకస్ నిలవదు. నేను పట్టుకుంటూనే ఉండాలి."

"నాకూ అంతే, పద్నాలుగేళ్ళ నుంచీ" అన్నాను. ఇద్దరం నవ్వాం.

వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, "మీరు బస్సెక్కబోతుంటే పుట్టిన పాటంట కదక్కా, ఎంత బాగుందో" అంది.

ఆ సంగతి పంకాకి తెలియదు. కంపెనీ వాళ్ళకి తెలియదు. అత్తయ్యక్కూడా పూర్తిగా తెలియదు. ఈ కథ బయట పెడితే పాటకి దిష్టి తగులుతుందని, ఎవరడిగినా "ఊరికే వచ్చిన ట్యూను" అని చెప్పేవాడు.

చెప్పాడంటే నా గురించి గర్వంగా చెప్పుకున్నట్టే కదా. పెళ్ళాం మీద ప్రేమ ఉన్నవాడే చెప్పుకుంటాడు.

మే 12, మంగళవారం

మొదటి కూర్పు అయింది. చూపు పక్కకి పోయిన చోటల్లా కత్తెర వేశాను. పరదా, పియానో, చెయ్యి, మళ్ళీ పరదా. పల్లవికి మొహం వేయాల్సిన చోట పరదాలు వేయడం ఇదే మొదటిసారి నాకు. గురువుగారు చూస్తే తల బాదుకునేవారు.

అత్తయ్యని కూర్చోబెట్టి చూపించాను. ఆవిడకి చెవులు పోయి ఆరేళ్ళయింది. పాట వినదు, మొహాలు చూస్తుంది. అందుకే ఆవిడకి నచ్చిన వీడియో ఎప్పుడూ దెబ్బతినలేదు. వెనక్కి జరిగి, కళ్ళజోడు పైకి తోసుకుని చూసింది.

"బాగుందే. కానీ వీడు ఎవత్తెని చూస్తున్నాడే?" అని గట్టిగా అడిగింది. తనకి వినబడదు కదా, ఏదైనా గట్టిగానే అడుగుతుంది.

"నన్నే అత్తయ్యా" అన్నాను.

వినబడలేదు. ఇంకోసారి చెప్పలేకపోయాను.

మే 14, గురువారం

పొద్దున కాఫీ దగ్గర, నెమ్మది షాట్లు ఎలా తీస్తారో అత్తయ్యకి చేతులూపి చెప్పాను. పాటని రెట్టింపు వేగంతో వేస్తారు, పాడేవాడు ఆ వేగానికి నోరు కదుపుతాడు, కెమెరా కూడా రెట్టింపు బొమ్మలు తీస్తుంది. నేను దాన్ని సగానికి దించితే మనిషి తేలుతున్నట్టు ఉంటాడు, పెదాలు మాత్రం పాటతో సరిగ్గా కలుస్తాయి.

"అయితే సెట్లో ఆ కీచుపాటకి వీడు ఎలకలా నోరాడిస్తాడన్నమాట" అంది. "ఇంత వయసొచ్చి!"

పొట్టపట్టుకుని నవ్వాను. ఈ రోజుకి అదే చివరి నవ్వని అప్పుడు తెలియదు.

ఆ నెమ్మది షాట్లలో ఏడో టేకు. పంకా కట్ చెప్పాడు, కెమెరా ఆపడం ఎవరో మరిచిపోయారు. నలభై సెకన్లు తిరిగింది. ఈ షాట్లకి శబ్దం ఉండదు. పాట అయిపోయింది, మా ఆయన భుజాలు దించాడు, పంకా గాలి కూడా ఆగిపోయి జుట్టు నుదుటి మీద పడింది. ఎడమ అంచున చొక్కా చెయ్యి ఒకటి, టేపు చుట్టుకుంటూ వెళ్ళిపోబోతోంది. ఈయన అటు తిరిగి ఏదో అన్నాడు.

పద్నాలుగేళ్ళుగా ఆ పెదాలకి పాట కలుపుతున్నాను. ఎక్కడ మూస్తాడో, ఎక్కడ ముందుకు తెస్తాడో నా వేళ్ళకి తెలుసు. సగం వేగాన్ని మళ్ళీ మామూలుకి తెచ్చి చూశాను. మధ్యలో ఒక్కసారి పెదాలు కలిసి విడిపోయాయి, 'సేపు' దగ్గర. చివర గుండ్రంగా వచ్చాయి.

ఇంకాస్త సేపు ఉండు.

పాట ప్రాక్టీసు చేస్తున్నాడేమో అనుకున్నాను. పల్లవి ముక్క తెచ్చి ఆ పెదాల కింద పెట్టాను. పాటలో ఆ మాట ఆరు సెకన్లు సాగుతుంది. ఇక్కడ ఇరవై తొమ్మిది ఫ్రేముల్లో అయిపోయింది. సెకనుకి ఇరవై నాలుగు ఫ్రేములు. అంటే సెకను, ఇంకో కొంచెం. కుదించి చూశాను, సాగదీసి చూశాను, కలవలేదు. పాడిన మాట కాదు, అన్న మాట.

వెళ్ళిపోబోతున్న చొక్కా చెయ్యి ఆగింది.

నాకు తెలుసు ఎలా ఆగుతుందో. నేనూ అలాగే ఆగాను.

మే 15, శుక్రవారం

మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవై తొమ్మిదే.

మే 16, శనివారం

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి ఎడిటింగు రాదు.

మే 17, ఆదివారం

ఏమీ జరిగి ఉండకపోవచ్చు. మనిషిని ఆగమన్నాడు, అంతే. టేపు కోసం కావచ్చు. ఇంకో టేకు ఉందేమోనని కావచ్చు. గోరంతని కొండంత చేయడం నా వృత్తి. అందరి మొహాలూ పెద్దవి చేసి చూసే పని కదా.

ఈ రోజు ఆయన చాలా బాగున్నాడు. బట్టలు ఆరేశాడు. అత్తయ్య కాళ్ళ గోళ్ళు తీశాడు. పక్క గదిలోంచి "ఏమోయ్, కత్తెర ఎక్కడ?" అని అరిచాడు. కత్తెర నా దగ్గరే ఉంది అని చెప్పాలనిపించింది. చెప్పకుండా తీసుకెళ్ళి ఇచ్చాను.

అంత బాగుండకపోతే బాగుండేది. నాకు ఏడుపొచ్చింది, స్నానాలగదిలో కుళాయి తిప్పి ఏడ్చాను. కుళాయి ఆపేసరికి బక్కెట్టు పొంగి బయటికి పోతోంది.

మే 19, మంగళవారం

పరదాలన్నీ తీసేశాను.

పల్లవికి మొహమే వేశాను. చూపు పక్కకి పోతే పోనీ, పద్దెనిమిది టేకుల్లో ఏది బాగుందో అదే వేశాను. ఒక్క నిజం చెప్పుకోవాలి. ఇన్నేళ్ళలో ఆయన ఇంత బాగా ఏ పాటకీ పెదాలు కదపలేదు. ఎప్పుడూ లెన్సులోకి చూసి, జనాన్ని ప్రేమిస్తున్నట్టు కళ్ళు చికిలించేవాడు. ఈసారి నటన లేదు. నాకు కోపం రావాల్సిన చోట గర్వం వచ్చింది, అది చూసి నా మీద నాకే కోపం వచ్చింది.

పాట అయిపోయాక చివరన ఆ ఇరవై తొమ్మిది ఫ్రేములు పెట్టాను. సంగీతం లేదు, గాలి లేదు, మామూలు వేగం. చొక్కా చెయ్యి కనబడకుండా ఫ్రేము కొంచెం దగ్గరికి లాగాను. ఆమెని ఊళ్ళో నిలబెట్టాలని లేదు నాకు.

ఎందుకు పెట్టానంటే, బాగుంది కాబట్టి. ఈ పాటకి ఇంతకంటే మంచి ముగింపు లేదు. అందులో కొంచెం పగ కూడా ఉంది. సగం సగం అని రాయబోయాను. పగే ఎక్కువ.

మే 21, గురువారం

కంపెనీ ఆఫీసులో చూపించాను. పంకా, మేనేజరమ్మ, మా ఆయన. నేను తెర చూడలేదు, ఆయన్ని చూశాను.

చివరి షాటు వచ్చింది, పోయింది. పంకా కుర్చీలోంచి లేచాడు. "ఇది నేను తీశానా?" అన్నాడు.

"మీరే. ఆపడం మరిచిపోయారు" అన్నాను.

"అమ్మా, నీకు దణ్ణం. గాలి లేకపోయినా బాగుంది!" ఆ మనిషి నోట ఆ మాట రావడం ఒక అవార్డుతో సమానం.

మేనేజరమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. "పాటంతా ఒక ఎత్తు, ఇదొక ఎత్తండీ. ఎవరితో అంటున్నారు సార్ అది?" అని మా ఆయన్ని అడిగి, నావైపు చూసి తనే నవ్వేసింది. "అడగాలా ఏంటి, ఇక్కడే ఉన్నారుగా!"

ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. దొంగకి తేలు కుట్టినట్టు అన్న మాట చిన్నప్పటి నుంచీ వాడుతున్నాను, మనిషిని ఈ రోజే చూశాను.

"ఆ చివరిది తీసేస్తే బాగుంటుందేమో" అన్నాడు చివరికి.

"ఎందుకు?" ముగ్గురం ఒకేసారి అడిగాం.

షాటు ఉండిపోయింది.

మే 22, శుక్రవారం

ఈ రోజు మధ్యాహ్నం నా గదిలోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. పాట కలిపేటప్పుడు ఎప్పుడూ కూర్చునే స్టూలే.

"ఎక్కడ దొరికింది నీకది?"

"ఏడో టేకు తోకలో."

"నువ్వనుకున్నంత ఏం లేదు."

"నేనేం అనుకున్నాను?"

తల దించుకున్నాడు. ఈమధ్య నెత్తి మీద జుట్టు పల్చబడుతోంది. పై నుంచి తీసే షాట్లలో అది కనబడకుండా నేనే జాగ్రత్తపడేదాన్ని.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"ఈ పాటకి టెస్టు షూటింగు చేసినప్పటి నుంచి. చలికాలం నుంచి. నీకు అన్యాయం చేయాలని కాదు."

"అది నాకు తెలుసు. అన్యాయం చేయాలని ఎవరూ చేయరు. ఒక్కటి చెప్పు. ఆ మాటే ఎందుకన్నావు? భాషలో ఇన్ని మాటలున్నాయి, ఆగు అనొచ్చు, వెళ్ళకు అనొచ్చు. అది నాది కదా."

బయట ఎవరో గేటు తీసి మళ్ళీ వేశారు.

"వేరేది రాలేదు" అన్నాడు.

కొట్టినా ఇంత నొప్పి పుట్టేది కాదు. అబద్ధం చెప్పి ఉంటే తిట్టేదాన్ని. ఆ మాట నా కోసం పుట్టింది అనుకుంటూ పద్నాలుగేళ్ళు బతికాను. ఆ మనిషికి ప్రేమ వచ్చినప్పుడల్లా వచ్చే మాట అది, అంతే.

మే 25, సోమవారం

విడుదలైంది. సాయంత్రానికి లక్షల మంది చూశారట. కింద రాతలన్నీ చివరి షాటు గురించే. "ఇలా చూసేవాడు ఒక్కడు చాలు జన్మకి." "ఆయన భార్య ఎంత అదృష్టవంతురాలో." ఎదురింటావిడ గోడ మీంచి తొంగి చూసి, "మీ ఆయన మిమ్మల్ని అలా చూస్తాడని తెలీదమ్మా" అంది. నాకూ తెలీదండీ అన్నాను. హాస్యమనుకుని నవ్వింది.

టేపు అమ్మాయి ఫోను చేసింది. ఎత్తాను.

"అక్కా, నా చెయ్యి తీసేశారు" అంది.

"ఫ్రేముకి బాగాలేదు" అన్నాను.

ఏడుస్తోంది. పెట్టెయ్యమ్మా అని చెప్పి నేనే పెట్టేశాను.

మే 28, గురువారం

అక్క వాళ్ళింట్లో రాస్తున్నాను.

కంప్యూటరు నిన్ననే పంపించేశాను. ఈ రోజు నాతో సంచీ ఒక్కటే. అత్తయ్య మంచం మీద కూర్చుని నేను బట్టలు మడతపెట్టడం చూసింది. ఆవిడకి ఎవరూ ఏమీ చెప్పలేదు, ఆవిడ ఏమీ వినలేదు. సంచీ జిప్పు పడకపోతే తనే వచ్చి రెండంచులూ దగ్గరికి పట్టుకుంది, నేను లాగాను. "వాడికి చిన్నప్పటి నుంచీ చూపు నిలవదే" అంది. ఈసారి గట్టిగా అనలేదు.

ఆయన గుమ్మం దాకా వచ్చాడు. సంచీ పట్టుకోలేదు.

సిగ్గు విడిచి రాస్తున్నాను. ఆగమంటే ఆగుదామనే ఉంది నాకు. ఇంత జరిగాక, ఆ మాట ఎంగిలి అయ్యాక కూడా, నాతో ఒక్కసారి అంటే సంచీ దించేసేదాన్ని. చెప్పు పట్టీ పెట్టుకుని, విప్పి, మళ్ళీ పెట్టుకున్నాను. ఆ మాటకి ఎంతసేపు పడుతుందో లోకంలో నాకు తెలిసినంత కచ్చితంగా ఎవరికీ తెలియదు. దాన్ని ఓ యాభైసార్లు అనగలిగినంత సేపు నిలబడ్డాను.

ఆయన నావైపే చూస్తున్నాడు. సూటిగా కళ్ళల్లోకి, లెన్సులోకి చూసినట్టు.

"గొడుగు తీసుకెళ్ళు" అన్నాడు. "వానొచ్చేలా ఉంది."

తీసుకున్నాను. బస్సు వెంటనే వచ్చింది.